బాలింత గదిలో కుంపటి బొమ్మ చూశాక

ఎడిటర్ గారికి నమస్కారం.

పోయిన ఆదివారం మీ అనుబంధంలో కట్టెల పొయ్యి గురించి ఒక పేజీ వేశారు. మట్టి పొయ్యి మీద ఉడికిన పప్పు, ఇనప మూకుట్లో వేగిన చేపలు, చలికాలం పొద్దున్నే పొయ్యి ముందు కూర్చుని చేతులు కాచుకోవడం అన్నీ బాగా రాశారు. మా ఆవిడ, నేను ఒకరి తరవాత ఒకరం చదివాం. అయితే పేజీ కింద కుడి మూల చిన్న బొమ్మ ఒకటి ఉంది. తలుపులు మూసిన గది, నులక మంచం మీద బాలింత, పక్కన ఉయ్యాల, మంచం కింద నిప్పుల కుంపటి. ‘ఆ వెచ్చదనమే వేరు’ అని దాని కింద రాసి ఉంది. అది చూసి మా ఆవిడ కళ్ళజోడు తీసేసి, ఏమీ అనకుండా వంటింట్లోకి వెళ్ళిపోయింది. నేను ఈ ఉత్తరం మొదలుపెట్టాను.

నేను షిప్‌యార్డులో ముప్పై నాలుగేళ్ళు వెల్డర్‌గా చేసి రిటైరయ్యాను. మల్కాపురంలో ఉంటాం. ఇంటి వెనక చిన్న పెరడు, అందులో రేకుల వసారా, దాని కింద కట్టెల పొయ్యి ఉన్నాయి. రోజూ స్నానాలకి నీళ్ళు దాని మీదే కాగుతాయి. సంక్రాంతికి అరిసెల పాకం, చుట్టాలొస్తే పెద్ద గిన్నెడు పులుసు కూడా దాని మీదే. కాబట్టి కట్టెల పొయ్యి తీసి పారేయండని చెప్పడానికి రాయడం లేదు. ఆ పొయ్యి లేకపోతే హుద్‌హుద్ తుపాను అప్పుడు మా వీధి వీధంతా బిస్కెట్ల మీద బతకాల్సి వచ్చేది.

2014 అక్టోబరు 12, ఆదివారం. ఆ రోజు సంగతి విశాఖలో ఎవరికీ కొత్తగా చెప్పక్కర్లేదు. తరవాత వారం పైన మా వీధికి కరెంటు లేదు. గ్యాస్ బండి ఎప్పుడొస్తుందో తెలీదు. ఏడెనిమిది ఇళ్ళ వాళ్ళకి మా పొయ్యి మీదే వంట. కట్టెలకి కొదవే లేదు, రోడ్ల మీద ఎక్కడ చూసినా పడిపోయిన చెట్లే. నిద్రగన్నేరు, తురాయి, బాదం కొమ్మలు నరుక్కొచ్చి పొయ్యిలో పెట్టాం. పొగ! అన్నం ఉడికేసరికి వండేవాళ్ళ కళ్ళు చింతనిప్పుల్లా అయ్యేవి. అప్పుడే కొట్టిన పచ్చి కట్టెలో ఇంచుమించు సగం బరువు నీళ్ళే ఉంటాయి. మంట ముందు ఆ నీళ్ళని ఆవిరి చేసుకోవాలి, ఆ తరవాతే గిన్నె సంగతి. ఈలోగా సరిగ్గా కాలని కట్టె అంతా పొగై, మసై, తారై పోతుంది. ఆ వారంలో మా చిమ్నీ గొట్టం లోపల పేరుకున్న నల్ల తారు గీకడానికి నాకు ఒక పూట పట్టింది.

అప్పటినుంచి కట్టె విషయంలో నేను మొండివాణ్ణి. అడితిలో సరుగుడు కొంటాను. కొన్న రోజే కాల్చను. వసారాలో నేలకి ఆనకుండా రెండు ఇటికల మీద పేర్చి ఆరు నెలలు వదిలేస్తాను. మన సముద్రపు గాలిలో చెమ్మ ఎక్కువ కాబట్టి పైన రేకు కప్పి పక్కలు వదిలేయాలి. టార్పాలిన్ చుట్టబెట్టేస్తే లోపల బూజు పడుతుంది. ఎండిందో లేదో తెలియాలంటే రెండు ముక్కలు తీసుకుని ఒకదానితో ఒకటి కొట్టాలి. టంగుమంటే ఎండినట్టు, దబ్బుమంటే ఇంకా నీళ్ళున్నట్టు. కొసల్లో పగుళ్ళు కూడా కనబడాలి.

మా వైపు ఇంకో అలవాటుంది. పోర్టు నుంచి, ఫ్యాక్టరీల నుంచి ప్యాకింగ్ చెక్కలు చవగ్గా దొరుకుతాయి. బాగా ఎండి ఉంటాయి కాబట్టి భగ్గున అంటుకుంటాయి. విదేశాల నుంచి వచ్చిన చెక్క మీద గోధుమ కంకి లాంటి గుర్తు, దాని పక్కన ఇంగ్లీషు అక్షరాలు ముద్ర వేసి ఉంటాయి. హెచ్‌టీ అని ఉంటే వేడి చేసి పురుగు చంపారని అర్థం. ఎంబీ అని ఉంటే మిథైల్ బ్రోమైడ్ అనే పురుగుమందు పొగ పట్టించారని అర్థం. ఎంబీ ముద్ర ఉన్నదీ, రంగు వేసిందీ, ప్లైవుడ్డూ పొయ్యిలో పెట్టకండి. గన్నేరు కొమ్మలు కూడా. అన్నట్టు గన్నేరు వేరు, పైన చెప్పిన నిద్రగన్నేరు వేరు. గన్నేరు పొగ కూడా విషమే.

చిమ్నీ గురించి కూడా రెండు ముక్కలు. పొగలేని పొయ్యి మనకేం కొత్త కాదు. 1950లలోనే హైదరాబాద్ ఇంజనీరింగ్ రీసెర్చ్ లాబొరేటరీలో ఎస్.పి. రాజు గారు గొట్టం ఉన్న పొయ్యిని తయారుచేసి చూపించారు. ఆ తరవాత సర్కారు వాళ్ళూ ఊరూరా పొగలేని పొయ్యిలు కట్టించారు. మా అత్తగారి ఊళ్ళో కట్టిన గొట్టం మసితో మూసుకుపోతే ఎవరూ దులపలేదు, చివరికి అందులో పిచ్చుకలు గూడు పెట్టాయి. గొట్టం పెట్టగానే సరిపోదండీ. నెలకోసారి తాడుకి గోనె గుడ్డ కట్టి లాగాలి. పైగా సముద్రం పక్కన ఉన్నాం. మామూలు రేకు గొట్టాన్ని ఉప్పుగాలి రెండు మూడేళ్ళలో తినేస్తుంది. బయటికి గట్టిగానే కనబడుతుంది, వేలితో నొక్కితే చిల్లి. నిప్పు తగిలే చోట జీఐ రేకు అసలు వాడకండి. దాని మీది జింకు పూత కాలితే తెల్ల పొగ వస్తుంది. జీఐ మీద వెల్డింగ్ చేసిన ప్రతివాడికీ ఆ పొగా తెలుసు, ఆ రాత్రి వణికించే జ్వరమూ తెలుసు.

ఇవన్నీ తెలిసినవాణ్ణే నేను. గ్యాసుల గురించి నేర్పిన ఉద్యోగం నాది. ఓడ లోపల ట్యాంకులోకి దిగి వెల్డింగ్ చేయాలంటే ముందు మీటర్ పెట్టి గాలి చూడాలి. ఆక్సిజన్ 19.5 శాతానికి తగ్గితే దిగకూడదు. గ్యాస్ ఫ్రీ సర్టిఫికెట్ మీద సంతకం పడాలి, బ్లోయర్ తిరుగుతూ ఉండాలి, పైన మూత దగ్గర ఒక మనిషి కాపలా ఉండాలి. కొత్తగా చేరిన రోజుల్లో మా మేస్త్రీ ఒకాయన అనేవాడు: “ఒకడికి తల తిరిగితే వాడి ఒంట్లో బాగోలేదు. ఇద్దరికి తిరిగితే గాలి బాగోలేదు.” మూడు దశాబ్దాలు ఈ మాట పట్టుకుని బతికాను. మా ఇంట్లో మాత్రం గుర్తు రావడానికి నాలుగు గంటలు పట్టింది.

2023 నవంబరు ఆఖరులో మా అమ్మాయికి ఆడపిల్ల పుట్టింది. పురుడు మా ఇంట్లోనే. ఎనభై దాటిన మా అత్తగారు నరసన్నపేట దగ్గర పల్లెటూరి నుంచి మనవరాలిని చూసుకోవడానికి వచ్చింది. రాగానే అడిగింది, కుంపటేదని. పాత ఇనప మూకుడుకి మూడు కాళ్ళూ రెండు చెవులూ వెల్డింగ్ చేసి నేనే కుంపటి తయారు చేసి ఇచ్చాను. ఎంత బాగా కుదిరిందో అని నలుగురికీ చూపించుకున్నాను కూడా.

మొదటి వారం బాగానే గడిచింది. కొబ్బరి చిప్పలు, సరుగుడు ముక్కలు పెరట్లో రాజేసి, పొగ పోయి ఎర్రటి నిప్పులయ్యాక కుంపటి గదిలోకి తెచ్చేవారు. మంచం కింద కాసేపు ఉంచి, దాని మీదే సాంబ్రాణి వేసి, బిడ్డకీ తల్లికీ ధూపం పట్టి తీసేసేవారు. కిటికీ ఒక రెక్క తెరిచే ఉండేది. నిజం చెప్పాలంటే విశాఖలో డిసెంబరు రాత్రి కూడా పదిహేడు, పద్దెనిమిది డిగ్రీలకి దిగితే గొప్ప. కుంపటి అవసరమే లేదు. కానీ పెద్దావిడతో ఎవరు వాదిస్తారు?

తరవాత మిచాంగ్ తుపాను వచ్చింది. డిసెంబరు 5న బాపట్ల దగ్గర తీరం దాటింది కానీ గాలీ వానా మాకూ తగిలాయి. రాత్రి కరెంటు పోయింది, ఫ్యాన్ ఆగింది. జల్లు కొడుతోందని కిటికీ బిగించేశారు. మావి అల్యూమినియం స్లైడింగ్ కిటికీలు, రబ్బరు పట్టీలతో సహా. తలుపు కింద సందులోంచి ఈదురుగాలి వస్తుంటే మా అత్తగారు పాత చీర ముక్కలు కుక్కింది. “అల్లుడు బావూ, తలుపు తియ్యకండి. పిల్లకి గాలి తగిల్తే సన్ని కమ్ముతాది” అంది. సన్ని అంటే బాలింతలకీ పసివాళ్ళకీ గాలి సోకి వస్తుందని పాతవాళ్ళు భయపడే జబ్బు. నేను సరేనన్నాను. తొమ్మిది గంటలకి కుంపటి నిండా నిప్పులు లోపలికి వెళ్ళాయి. వాటిని పట్టుకెళ్ళి పెట్టిందీ నేనే. వాన కదా అని ఆ రాత్రి మళ్ళీ బయటికి తీయలేదు.

లోపల మా అమ్మాయి, తొమ్మిది రోజుల బిడ్డ, మా ఆవిడ, అత్తగారు. నేను హాల్లో పడుకున్నాను.

పదకొండున్నరకి మా ఆవిడకి తలనొప్పి మొదలైందట. నిద్ర లేక, టెన్షన్ వల్ల అనుకుంది. పన్నెండు దాటాక అమ్మాయి కడుపులో తిప్పుతోందంది, వాంతి చేసుకుంది. బాలింతకి అజీర్తి అనుకున్నారు. తరవాత దిష్టి అనుకున్నారు. మా అత్తగారు ఉప్పూ మిరపకాయలూ తిప్పి అదే కుంపట్లో వేసింది. మిరపకాయలు వేసినా ఘాటు రాకపోతే దిష్టి గట్టిదని మనవాళ్ళు అంటారు కదా. ఘాటు పెద్దగా రాలేదు. నిప్పుల మీద అప్పటికే బూడిద కమ్మేసింది, ఇంక ఘాటేం వస్తుంది! దిష్టి గట్టిదేనని అందరూ నమ్మేసి మళ్ళీ పడుకున్నారు.

ఒంటిగంటకి బిడ్డ పాలకి లేవలేదు. లేపినా సరిగ్గా పట్టలేదు. అప్పుడు మా ఆవిడ నన్ను లేపడానికి తలుపు తీసుకుని వచ్చింది. గుమ్మం దగ్గరే కాళ్ళు తేలిపోయి గోడ పట్టుకుంది. “ఏవండీ, నాకూ తల పగిలిపోతోంది” అంది. లోపల్నుంచి మా అత్తగారు, “నాకూ బుర్ర దిమ్ముగా ఉందే” అంది. అమ్మాయికి వాంతి, ఆవిడకి తలనొప్పి, పెద్దావిడకి దిమ్ము. ఒకేసారి ముగ్గురికి. మేస్త్రీ మాట అప్పుడు తట్టింది నాకు.

బిడ్డని తీసుకుని ముందు వీధి వసారాలోకి పరుగెత్తాను. జల్లు కొడుతున్నా అక్కడే మా ఆవిడ చేతిలో పెట్టి, వెనక్కి వెళ్ళి అమ్మాయిని నడిపించుకొచ్చాను. మా అత్తగారు రానంది. బాలింతని వానలోకి తీసుకుపోతారా అని నన్ను తిట్టింది. తిడుతూనే ఉంది, ఎత్తుకొచ్చాను. చివరికి ఊపిరి బిగబట్టి కుంపటిని వెనక పెరట్లోకి తీసుకెళ్ళి వానలో వదిలేశాను. కిటికీలన్నీ తెరిచాను.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి, ఎందుకంటే దానివల్ల నేను ఇంకాసేపు మోసపోయేవాణ్ణి. కరోనా రోజుల్లో కొన్న ఆక్సీమీటర్ ఇంట్లో ఉంది. అమ్మాయి వేలికి పెట్టి చూస్తే 98. మా ఆవిడకి 97. బాగానే ఉంది, గాలి పీల్చుకుంటే సర్దుకుంటుందిలే అనిపించింది ఒక్క క్షణం. బిడ్డ మెత్తగా వేలాడిపోతోందని మా ఆవిడే గట్టిగా అంటే పక్కింటి కుర్రాణ్ణి లేపి కారు తీయించాం. ఆస్పత్రిలో గదిలో నిప్పులున్నాయని చెప్పగానే డాక్టరమ్మ అందరికీ మాస్కు పెట్టి ఎక్కువ ఆక్సిజన్ ఇచ్చింది, రక్తం తీసి పరీక్షకి పంపింది. తరవాత ఆవిడే చెప్పింది. నిప్పుల్లోంచి వచ్చే విషపు గ్యాసు పట్టిన రక్తం కూడా ఆ చిన్న మిషన్‌కి ఆక్సిజన్ పట్టిన రక్తంలానే కనబడుతుందట. అందుకే 98 చూపిస్తూనే మనిషి పడిపోవచ్చు. నిజం తెలియాలంటే రక్త పరీక్షే. ఇంకో మాట కూడా చెప్పింది. ఏమైందో తెలియకపోయినా సరే, గదిలో నిప్పు ఉందన్న ముక్క డాక్టరుకి తప్పకుండా చెప్పాలి. అది చెప్పకపోతే తలనొప్పీ వాంతులూ వంద జబ్బులకి ఉంటాయి.

పెద్దవాళ్ళు మర్నాడు సాయంత్రానికి ఇంటికొచ్చారు. బిడ్డని రెండు రోజులు ఉంచుకున్నారు. ఇప్పుడు బాగుంది, ఇల్లంతా పరుగులు పెడుతుంది. అమ్మాయికి మాత్రం తలనొప్పి వారం దాకా పోలేదు.

ఆ గ్యాసు పేరు కార్బన్ మోనాక్సైడ్. రంగు లేదు, వాసన లేదు, కళ్ళు మండవు, దగ్గు రాదు. మన నెత్తుట్లో ఆక్సిజన్‌ని మోసుకెళ్ళే హిమోగ్లోబిన్ ఉంది కదా, దానికి ఆక్సిజన్ కంటే ఈ గ్యాసు 200 రెట్లకి పైగా గట్టిగా అతుక్కుంటుంది. కాబట్టి గదిలో ఆక్సిజన్ ఉన్నా ఒంటికి అందదు. కడుపులో ఉన్న బిడ్డకి, పసిపిల్లలకి, గుండెజబ్బు ఉన్నవాళ్ళకి దీనితో ప్రమాదం ఇంకా ఎక్కువ. 2020 మే 7 తెల్లవారుజామున విశాఖ వెంకటాపురంలో ఫ్యాక్టరీ నుంచి స్టైరీన్ అనే రసాయనం ఆవిరి వచ్చినప్పుడు దానికి వాసనైనా ఉంది. దీనికి అదీ లేదు.

జనం పొయ్యి పొగకి భయపడతారు. పొగ చెడ్డదే, ఏళ్ళ తరబడి పీలిస్తే ఊపిరితిత్తులూ గుండే పాడవుతాయి. కానీ పొగ మనిషిని గదిలోంచి తరుముతుంది. పొగలేని నిప్పులు మాత్రం శుభ్రంగా, ఎర్రగా, అందంగా ఉంటాయి. బొగ్గు పూర్తిగా కాలడానికి గాలి చాలనప్పుడే ఈ గ్యాసు పుడుతుంది. రాజుకుంటున్న బొగ్గుల మీద సన్నటి నీలం మంట చూసే ఉంటారు. ఆ మంటలో కాలేది ఇదే గ్యాసు. పైన బూడిద కప్పేశాక నీలం మంట ఉండదు, గ్యాసు మాత్రం కాలకుండా నేరుగా గదిలోకి వస్తూనే ఉంటుంది. నివురు గప్పిన నిప్పు అని ఊరికే అనలేదు మనవాళ్ళు. ఆరిపోయిందిలే అని వదిలేసే సమయంలోనే ఇది బతికి ఉంటుంది. ఇంకో పొరపాటు అభిప్రాయం, గ్యాసు నేల మీద ఉంటుంది కాబట్టి మంచం మీద పడుకుంటే చాలని. సిలిండర్ గ్యాసు గాలి కంటే బరువు కాబట్టి నేలబారుగా పాకుతుంది, నిజమే. ఇది అలా కాదు. గాలితో ఇంచుమించు సమానమైన బరువు, గదంతా కలిసిపోతుంది.

మా అత్తగారికి కోపం చాలా రోజులు తగ్గలేదు. “మా రోజుల్లో ఏడుగురిని కన్నాను, ఏడుసార్లూ కుంపటి మీదే ఉన్నాను, నాకేటీ అవలేదే” అనేది. ఆవిడ మాటలో అబద్ధం లేదు. నేను వెళ్ళి ఆ ఊళ్ళో వాళ్ళ పాత ఇల్లు మళ్ళీ చూశాను. పెంకుటిల్లు. గోడకీ కప్పుకీ మధ్య జానెడు సందు, పెంకుల మధ్య వెలుతురు కనబడేంత ఖాళీలు, తలుపు చెక్కల మధ్య వేలు దూరుతుంది. తలుపులు మూసినా ఆ ఇల్లు ఊపిరి పీలుస్తూనే ఉంటుంది. మనం స్లాబు వేసి, సిమెంటు పూసి, స్లైడింగ్ కిటికీ పెట్టి, ఏసీ కోసం మిగిలిన సందులు కూడా మూసేసి, అందులోకి అదే కుంపటి తీసుకెళుతున్నాం. ఆ రోజుల్లో కూడా అందరూ బతికారా అంటే, తెల్లారేసరికి పోయిన బాలింతల్లో ఎంతమందిని సన్ని ఖాతాలో రాశారో ఎవరు చూడొచ్చారు?

సాంబ్రాణి విషయంలో మా ఇంట్లో రాజీ కుదిరింది. పెరట్లో నిప్పు మీద వేసి తల్లి జుట్టు అక్కడే ఆరబెట్టుకుంటుంది. బిడ్డకి పట్టరు, పసిపిల్ల ఊపిరితిత్తులకి ఏ పొగా మంచిది కాదని డాక్టరమ్మ కూడా చెప్పింది. బిడ్డకి చలనిపిస్తే టోపీ, మేజోళ్ళు, తల్లి గుండెలకి ఆనించుకుని పైన దుప్పటి. విశాఖ చలికి అది చాలు.

ఇదే గ్యాసు ఇంకా ఎక్కడెక్కడ ఉందో అప్పటినుంచి నా కంటికి కనబడుతోంది. ఈ మధ్య పాత రాగి బాయిలర్లు మళ్ళీ ఫ్యాషన్ అయ్యాయి. నడుమ గొట్టంలో బొగ్గులు వేసి నీళ్ళు కాచేవి. చక్కగా మెరుగు పెట్టించి బాత్‌రూంలోనే పెట్టుకుంటున్నారు, గొట్టం పొగ అక్కడే. దాన్ని పెరట్లో పెట్టి నీళ్ళు బకెట్‌తో తెచ్చుకోండి. గాలి పోయే దారి లేని బాత్‌రూంలో గ్యాస్ గీజర్ కూడా ఇదే పని చేస్తుంది. లంబసింగిలో చలి సున్నా దగ్గరికి వెళుతుందని డిసెంబరు, జనవరిలో మన కుర్రాళ్ళు గుంపులుగా వెళతారు. పోయిన జనవరిలో మా మేనల్లుడి బృందం చికెన్ కాల్చుకున్నాక మిగిలిన నిప్పుల తట్టని టెంట్ లోపల పెట్టుకుని జిప్ వేసుకుందామనుకున్నారట. వీడు మా ఇంటి కథ చెప్పి ఆపాడు. చలికి వణుకుతూ వాణ్ణి అందరూ తిట్టుకున్నారట, తిట్టుకోనీ.

బూడిద గురించి కూడా రాయాలి. పొయ్యిలోంచి తీసిన బూడిదలో మర్నాటి దాకా కణికలు ఉంటాయి. ఒకసారి చల్లారిందనుకుని ప్లాస్టిక్ టబ్బులో ఎత్తాను, గంటలో టబ్బు అడుగు కరిగి కింద గోనెసంచి అంటుకుంది. ఇనప బకెట్, దానికి మూత, అదీ ఇంటి బయట. నీళ్ళు పోసి కలిపి, చెయ్యి పెట్టగలిగాకే పారేయాలి. బూడిద బకెట్ ఇంట్లోకి తెస్తే కుంపటి తెచ్చినట్టే.

అంటుకోని కట్టె మీద కిరసనాయిలో, పెట్రోలో, శానిటైజరో పోసే వాళ్ళకి నేను చెప్పగలిగేది ఏమీ లేదు, ఒక్కసారి కాలిన వాళ్ళని చూస్తే వాళ్ళకే తెలుస్తుంది. సింథటిక్ చీర కొంగు, చున్నీ బిగించి కట్టుకోండి. పొయ్యి పక్కన గ్యాస్ సిలిండర్ ఉంచకండి. పొయ్యి దగ్గర ఎప్పుడూ ఒక బకెట్ నీళ్ళు. కాలితే టూత్‌పేస్టు, సిరా, పసుపు, వెన్న ఏవీ పూయకుండా కుళాయి కింద ఇరవై నిమిషాలు చల్లటి నీళ్ళు పోయాలి, వాపు రాకముందే గాజులూ ఉంగరాలూ తీసేయాలి. ఐస్ పెట్టకూడదు. వెల్డర్‌గా నా చేతుల మీద ఉన్న మచ్చల్లో సగం ఈ సంగతి తెలియని రోజులవి.

అయ్యా, ఎవరినో తప్పుపట్టడానికి ఇదంతా రాయలేదు. కుంపటి చేసిందీ, గదిలో పెట్టిందీ, కిటికీ మూస్తుంటే సరేనన్నదీ నేనే. మీరు వేసిన బొమ్మ కూడా ఎవరో ప్రేమగా గీసిందే. కానీ రేపు ఏ ఇంట్లోనైనా పెద్దావిడ ఆ పేజీ చూపించి, “సూడు, పేపర్లో కూడా ఏశారు” అంటే ఆ ఇంటి అల్లుడు నాలాగే సరేనంటాడు. అందుకని ఒక కోరిక. చలి మొదలయ్యేలోగా మీ ఆరోగ్యం పేజీలో డాక్టరు చేత దీని గురించి రాయించండి. ఆశా కార్యకర్తలు పురిటి ఇళ్ళకి వెళ్ళినప్పుడు ముందుగా కిటికీ తెరిచి ఉందా, మంచం కింద ఏముంది అని చూడమని చెప్పేలా ఎవరి చెవినైనా వేయండి. కార్బన్ మోనాక్సైడ్ అలారం అని చిన్న పెట్టె ఆన్‌లైన్‌లో దొరుకుతుంది, మా ఇంట్లో ఒకటి పెట్టాను. పొగ అలారం అది కాదు, చూసి కొనుక్కోమని కూడా రాయండి. ఇంట్లో ఇద్దరికో ముగ్గురికో ఒకేసారి తలనొప్పి, వాంతులు వస్తే, బయటికి రాగానే కాస్త తగ్గితే, మళ్ళీ లోపలికి వెళ్ళకుండా 108కి ఫోన్ చేయమని పెద్ద అక్షరాల్లో వేయండి.

ఉత్తరం చాలా పెద్దదైందని తెలుసు. స్థలం చాలక కత్తిరించాల్సి వస్తే సరుగుడు కట్టెలు, చిమ్నీ, ప్యాకింగ్ చెక్కలు అన్నీ తీసేయండి, నాకేం బాధ లేదు. కిటికీ మూసిన గదిలో కుంపటి గురించి రాసింది మాత్రం ఉంచండి.

ఇట్లు,
ఒక రిటైర్డ్ వెల్డర్,
మల్కాపురం, విశాఖపట్నం